తొమ్మిదో ప్రయోగం

మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం కావాలో ఎదురుగా ఉన్న కాలేజీ పిల్లలకన్నా నాకే బాగా తెలుసు. వాళ్లు ఆ కాగితాన్ని చేరిన రోజు ఒకసారి, చివరి నెలలో గుండెలు బాదుకుంటూ ఒకసారి చూస్తారు. నేను ఏడాదికి నలభైసార్లు చూస్తాను. ప్రతి రికార్డులోనూ సర్టిఫికెట్ పేజీ తర్వాత ఆ కాగితం ఉండి తీరాలని వాళ్ల హెడ్ మేడమ్ పెట్టిన నియమం. గణాంకాల పేపరు ఒకటి, పరిశోధన పద్ధతుల పేపరు ఒకటి, నూటికి డెబ్బై అయిదు హాజరు, పది ప్రయోగాల రికార్డు. ప్రయోగానికొక సబ్జెక్టు. సబ్జెక్టు అంటే పాఠం కాదు, మనిషి. ఆ మనిషి ఈ చదువు చదివి ఉండకూడదు. పేరు రికార్డులో ఎక్కడా కనపడకూడదు. ఒప్పుకుంటున్నానని ఆ మనిషి సంతకం పెట్టిన కాగితం విడిగా కవరులో పెట్టి, అంటించి, శాఖలో ఇవ్వాలి. రికార్డు నల్లగుడ్డ అట్టతో, కుట్టు బైండింగుతో ఉండాలి. పిన్నులు కొట్టినవి తీసుకోరు. ఈ చివరి నియమం వల్లే నా కొట్టు నడుస్తోంది.

బళ్లో నేను నేర్చుకున్నది అక్షరాల వరకే. మిగతా చదువంతా కుట్టకముందు కాగితాల మీద జరిగింది. కాగితాలు తట్టి సమం చేసేటప్పుడు కళ్లు ఊరుకోవు కదా. అలా ముప్పై ఏళ్లుగా ఈ రికార్డులు చదివి చదివి, ఏది నిజంగా చేసిన ప్రయోగమో, ఏది ఇంట్లో కూర్చుని వండిందో పసిగట్టడం అలవాటైపోయింది. వండిన అంకెలు పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు ఒద్దికగా ఉంటాయి. నిజం అంకెలు అప్పుడే నిద్రలేచిన జుట్టులా ఉంటాయి. ఎవరికీ చెప్పను. నా పని కుట్టడం.

ఆ సోమవారం టకటక వచ్చింది. పేరు నేను పెట్టిందే. మాట్లాడుతున్నంతసేపూ పెన్ను మీట నొక్కుతూనే ఉంటుంది.

"బామ్మగారూ, గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ఇచ్చెయ్యాలి. అయిపోతుందా?"

"నీ ముందు పదకొండు ఉన్నాయి."

"పదకొండుమందీ నాకన్నా తెలివైనవాళ్లు బామ్మగారూ, వాళ్లకి ఆలస్యమైనా ఏం కాదు. నాకు గణాంకాల్లో ఒకసారి పోయింది. ఇప్పుడు రికార్డు కూడా పోతే ఇంట్లో చదువు మానిపించేస్తారు."

"సరే, అక్కడ పెట్టు."

"వెళ్తాను మరి."

"వెళ్తానని అనకు. వెళ్లొస్తానను."

పిల్లలు నవ్వుకుంటారు, నాకు తెలుసు. నవ్వుకోనీ. వెళ్తానని చెప్పి వెళ్లినవాళ్లు, అసలు చెప్పకుండానే వెళ్లినవాళ్లు నాకు చాలామందే ఉన్నారు. ఆసుపత్రికి తన కాళ్ల మీద తను నడిచి వెళ్లిన మా ఆయన ఒకరు. గుమ్మం దాటే మనిషి వీపు కనపడినంతసేపూ ఇప్పటికీ చూస్తూనే ఉంటాను.

మంగళవారం ఆ పిల్ల కాగితాలు విప్పాను. తొమ్మిదో ప్రయోగం మాటల పరీక్ష. విద్యార్థి ఒక మాట అంటుంది, సబ్జెక్టు మనసులో మొదట ఏ మాట వస్తే అది చెప్పాలి. ఎన్ని సెకన్లు పట్టిందో పక్కన రాస్తారు. యాభై మాటలు. ఇలాంటివి వందలు చూశాను. నీళ్లు అంటే గ్లాసు, పాలు అంటే తెలుపు, రాత్రి అంటే చీకటి. సబ్జెక్టు: స్త్రీ, వయసు అరవై ఆరు.

దారం అంటే ఆవిడ "మైనం" అంది. ఒకటి పాయింట్ మూడు సెకన్లు.

నా చెయ్యి ఆగింది. దారం అంటే ఎవరైనా సూది అంటారు. మైనం ఎవరంటారు? కుట్టేముందు దారానికి మైనం పట్టించేవాళ్లు అంటారు. కాగితం అంటే "వాటం" అంది. కాగితానికి ఒక వాటం ఉంటుందనీ, ఆ వాటంలోనే మడత పడుతుందనీ బైండింగు చేసినవాళ్లకు తప్ప ఎవరికి తెలుసు? ఎముక అంటే "మడత" అంది. మేం మడతలు గీటేది ఎముక ముక్కతోనే. నా చేతిలో ఆ క్షణాన ఉన్నదీ అదే.

ముందు టకటక మీదే అనుమానం వచ్చింది. ఈ పిల్ల కిందటి నెలలో రెండుసార్లు వచ్చి నా స్టూలు మీద కూర్చుంది. నన్ను చూసి, నా సామాన్లు చూసి, నా నోట్లోంచి ఊడిపడ్డట్టు జవాబులు రాసేసిందా? అలా అనుకునేసరికి ఒళ్లు మండింది. కానీ నా వయసు డెబ్బై ఒకటి. అంకెలు చూస్తే వండినవి కావు. చింపిరి జుట్టు అంకెలు.

ముప్పై నాలుగో మాట అక్క.

జవాబు: "గడియ". పదకొండు పాయింట్ నాలుగు సెకన్లు. పక్కన టకటక చేతిరాత: "సబ్జెక్టు కిటికీ వైపు చూశారు. ఆపమంటారా అని అడిగాను. వద్దన్నారు." ముప్పై అయిదో మాట ఆకలి. జవాబు లేదు. ఒక మాట గట్టిగా తగిలితే దాని వెనక మాట కూడా కుంటుతుందని ఈ రికార్డుల్లోనే చదివాను.

నా చెల్లెలు నాకన్నా అయిదేళ్లు చిన్న.

మా నాన్న పోయాక ఈ కొట్టు ఇద్దరం నడిపాం. దాని చెయ్యి నాకన్నా మంచిది. పుస్తకం వీపు మీద అది వేసే కుట్టు గొలుసులా ఉండేది, ఎవరికీ వచ్చేది కాదు. ఒకరోజు పై వీధి బైండరు చేసిన పుస్తకం ఒకటి నా కంటబడింది. అదే కుట్టు. నాకు తెలియకుండా వాడికి పని చేసిపెడుతున్నావా అని అడిగాను. అడిగానని ఇప్పుడు మర్యాదగా అంటున్నాను. అది కాసేపు గాలి పీల్చుకుని వస్తానని వీధిలోకి వెళ్లింది. మధ్యాహ్నం మూడు. తిరిగొచ్చేసరికి తలుపుకు లోపల గడియ ఉంది. కొట్టి కొట్టి వెళ్లిపోయింది. పొరపాటున గడియ పడిందనీ, పుస్తకాలు నొక్కే యంత్రం చప్పుడులో నాకు వినపడలేదనీ అందరికీ చెప్పాను. ఏడాది తర్వాత ఆ పై వీధి బైండరే, మా పాత పుస్తకమొకటి విప్పి ఆ కుట్టు నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకున్నాడు. అప్పటికే చెల్లెలు ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. ఇదంతా ఇరవై తొమ్మిదేళ్ల కిందటి మాట.

బుధవారం పొద్దున్నే టకటక తొంగిచూసింది.

"ఎంతవరకొచ్చింది బామ్మగారూ?"

"వస్తోంది. కూర్చో. ఈ తొమ్మిదో దాంట్లో ఈవిడెవరు?"

పెన్ను టకటకలు ఆగాయి. "చదివారా?"

"కళ్లున్నాయి కదమ్మా. ఎవరని?"

"సబ్జెక్టు."

"సబ్జెక్టుకి ఇల్లూ వాకిలీ ఉంటాయి కదా. ఎక్కడ దొరికింది?"

"చెప్పకూడదు. మీకే కాదు, మా అమ్మక్కూడా చెప్పను."

"నాతో చెబితే ఎవరికి తెలుస్తుందే?"

"నాకు తెలుస్తుంది కదా." కాస్త ఆగి నవ్వబోయింది. "నియమాల కాగితం నాకన్నా మీకే కంఠతా వచ్చంటారు, మీరే అడిగితే ఎలా?"

సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాను. కానీ అనుమానం ఊరుకుంటుందా? చెల్లెలే ఈ పిల్లను పంపిందేమో. నేనెలా ఉన్నానో, ఉన్నానో లేదో చూసిరమ్మందేమో. కొట్టులో వాటా అడగడానికేమో. ఇవేవీ కాక, ఊళ్లో ఇంకెక్కడో బైండింగు చేసిన ఇంకెవరో అరవై ఆరేళ్ల ఆవిడకు ఒక అక్క, ఆ అక్కకొక గడియా ఉండకూడదా?

మధ్యాహ్నం మైదా జిగురు ఉడకబెడుతూ చివరి కట్ట సర్దుతుంటే పదో ప్రయోగం కాగితాల మధ్య నుంచి ఒక కవరు జారింది. మీద ఇలా ఉంది: "ప్రయోగం తొమ్మిది. సబ్జెక్టు సమ్మతి పత్రం. శాఖ మాత్రమే తెరవాలి." అంటించిన చోట అడ్డంగా టకటక సంతకం. శాఖలో ఇవ్వాల్సిన దాన్ని కంగారులో కాగితాలతో పాటు నాకు ఇచ్చేసింది వెర్రిపిల్ల.

పేరు లోపల ఉంది. సంతకం ఉంది. చిరునామా ఉంది.

అంటించిన కాగితాన్ని మచ్చ పడకుండా విప్పడం నాకు చేతకాని పని కాదు. పాత పుస్తకాల అట్టలు విప్పేది అలాగే. గిన్నెలోంచి వచ్చే ఆవిరి మీద నాలుగు నిమిషాలు, ఎముక ముక్క అంచు, అంతే. మళ్లీ అంటిస్తే రాసిన పిల్ల కూడా పోల్చుకోలేదు.

కవరును ఆవిరి మీద పట్టుకున్నాను. పక్క కొట్టు జిరాక్సాయన అప్పుడే కబుర్లకని తలుపులో నిలబడ్డాడు.

"ఏంటి వదినగారూ, ఉత్తరాన్ని ఉడకబెడుతున్నారా?"

"అతుకు సరిగా లేదు. మళ్లీ వెయ్యాలి."

"మీ చేతిలో పడితే, తనని తెరిచారన్న సంగతి కవరుక్కూడా తెలీదులెండి." నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఒక మూల లేచింది. గోరంత. ఇంకాస్త ఉంటే మిగతాదీ లేచేది.

ఆగాను. మంచిదాన్నని కాదు. ఒక కుట్టు చూసి, అడగకుండానే అంతా తెలిసిపోయిందనుకున్న మనిషిని నేను. ఇప్పుడు నాలుగు మాటలు చూసి మళ్లీ అదే చేస్తున్నాను. లోపల ఉన్నది దాని పేరే అయితే, ఏ మొహంతో దాని గుమ్మంలో నిలబడను? ఎలా తెలిసిందని అది అడగదా? నీ కవరు దొంగచాటుగా విప్పానని చెప్పనా? కవరు బల్ల మీద పెట్టి మూల నొక్కేశాను.

మూడింటికి టకటక పరుగెత్తుకుంటూ వచ్చింది.

"బామ్మగారూ, నా కవరు..."

తీసి ఇచ్చాను. వెలుతురుకు ఎత్తి చూసింది. తిప్పి చూసింది. వేలితో అంచు తడిమింది.

"తెరిచారా?"

"లేదు."

"చెమ్మగా ఉంది."

"ఒక మూల లేపాను. ఇదిగో, ఇంత. తర్వాత ఆగిపోయాను."

"నేనెలా నమ్మాలి?" మెల్లగా అంది. "మీరు తెరిచి అంటించినా ఇలాగే ఉంటుంది కదా."

ఏం రుజువు చూపను? ముప్పై ఏళ్లుగా అందర్నీ అనుమానించాను. నన్ను అనుమానిస్తే ఏం చెప్పాలో ఎప్పుడూ నేర్చుకోలేదు.

"తెరిచుంటే నేనిక్కడ ఎందుకుంటానే?" అన్నాను. "ఈ పాటికి ఆవిడ ఇంటి ముందుండేదాన్ని."

పిల్ల కవరు గట్టిగా పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. "ఎందుకు?" అంది. చెప్పాను. చెల్లెలి సంగతీ, కొట్టు సంగతీ, కుట్టు సంగతీ. గడియ పొరపాటున పడిందని.

"అయితే మేడమ్‌కి చెప్పాలి," అంది లేచి.

"చెబితే నీకే నష్టం కదే! నేను మూల నొక్కేశాను, కనపడదు. ఇచ్చేసి ఊరుకో."

"మీరు కూడా రండి."

రోడ్డు దాటి రెండో అంతస్తు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. హెడ్ మేడమ్ పొట్టిగా, తెల్లజుట్టుతో ఉంటుంది. కూర్చోమంది కానీ నవ్వలేదు. కవరును అద్దం పెట్టి చూసింది.

"మీరు తెరిచారా?"

"లేదమ్మా."

"తెరవాలనుకున్నారా?"

"అనుకున్నాను."

"ఈ అమ్మాయి తెరవమందా?"

"అయ్యో, ఈ పిల్లా! పేరు చెప్పవే అని బతిమాలినా చెప్పలేదు."

"లోపల పేరు చదివారా?"

"చదవలేదమ్మా. మీరు మూడు రకాలుగా అడిగినా అదే జవాబు."

ఆవిడ పెదవులు ఒక్కసారి కదిలాయి. తర్వాత టకటక వైపు తిరిగింది. "కవరు జాగ్రత్త నీది. పొరపాటు నీదే. సబ్జెక్టు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పు. ఎవరు, ఎందుకు, ఎంతవరకు తెరవబోయారో, అంతా. విన్నాక కూడా ఆవిడ మళ్లీ సంతకం పెడితే తీసుకుంటాం. పెట్టకపోతే తొమ్మిదో ప్రయోగం లేదు. పది లేకపోతే రికార్డు లేదు. రేపు పన్నెండు వరకే టైమ్."

మెట్లు దిగి పిల్ల గేటు దగ్గర ఆగింది.

"నా ఏడాదంతా మీ బల్ల మీద పెట్టి వెళ్లాను బామ్మగారూ."

"నా పేరు చెప్పగానే ఆవిడ కాగితం చింపేస్తుందేమో," అన్నాను. "నా చెల్లెలే అయితే."

"చింపేస్తే ఏం చేస్తాం? చెప్పకుండా అయితే ఉండను." పెన్ను మీట రెండుసార్లు నొక్కింది. "వెళ్లొస్తా."

ఆ రోజు పొద్దుగుంకేలోపు మిగతా తొమ్మిది ప్రయోగాలూ కుట్టాను. తొమ్మిదోది మాత్రం పక్కన పెట్టాను, మధ్యలో ఎక్కడ దూర్చాలో దారం వదిలి. ఆ యాభై మాటల్ని మళ్లీ చదవబుద్ధి కాలేదు. సంతకం పెడుతుందా? పెట్టకపోతే ఆ పిల్ల ఇంట్లో ఏమంటారు? పెట్టకపోవడం కూడా ఒక జవాబే కదా. అది నా చెల్లెలే అనడానికి అంతకన్నా గట్టి రుజువు ఏముంటుంది? అలా నా ఆశా, ఆ పిల్ల ఆశా ఎదురుబొదురుగా నిలబడ్డాయి. ఆ పిల్ల నెగ్గాలనే అనుకున్నాను. అనుకోవడానికి చాలాసేపు పట్టింది.

గురువారం పదకొండు ఇరవైకి వచ్చింది. చెమట కారుతోంది. కొత్త కవరు చేతిలో ఉంది, ఛాతీకి అదుముకుని.

"పెట్టారు," అంది. "కుట్టెయ్యండి."

సూది రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కింది. "ఏమీ అనలేదా?"

"మీ సంగతంతా విన్నారు. మధ్యలో ఒకసారి, 'ఆవిడింకా మనుషుల్ని నమ్మడం నేర్చుకోలేదా' అన్నారు. సంతకం పెట్టేశారు. పెట్టాక ఒకటి అడిగి రమ్మన్నారు. ఇది రికార్డుకి కాదట, తనకట."

"ఏంటది?"

టకటక పెన్ను జేబులో పెట్టేసింది. "ఆ మధ్యాహ్నం నేను తలుపు కొట్టింది విన్నావా, అని."

దారం చేతిలో అలాగే ఉండిపోయింది. ఈ ఊళ్లో ఇంకెవరో కాదు, నా చెల్లెలే. ఇక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా అందరికీ చెప్పిన మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. యంత్రం చప్పుడు. పొరపాటు. నిన్న మేడమ్ మెట్ల మీద కూడా అదే చెప్పుకుంటూ ఎక్కాను. ఎదురుగా ఇరవై ఏళ్ల పిల్ల, తన ఏడాది పోతుందని తెలిసి కూడా నిన్న నిజం చెప్పడానికి మెట్లెక్కిన పిల్ల, నిలబడి చూస్తోంది.

"యంత్రం ఆపేసి ఉంది," అన్నాను. "విన్నాను. మూడుసార్లు కొట్టింది. మొదటిసారి గట్టిగా, రెండోసారి ఇంకా గట్టిగా. మూడోసారి వేళ్ల కణుపులతో, మెల్లగా. నేను తలుపు ఇవతలే నిలబడి ఉన్నాను. గడియ నేనే పెట్టాను. సాయంత్రానికి బుద్ధొచ్చి వస్తుందనుకున్నాను."

ఆ పిల్ల ఏమీ రాసుకోలేదు. "అలాగే చెప్పమంటారా? ఇంకేమైనా కలపమంటారా?"

"కలపకు. కలిపితే నమ్మదు."

పన్నెండుకు ఏడు నిమిషాలు ఉండగా, అట్ట ఇంకా తడిగా ఉన్న రికార్డును రెండు చేతుల మీద పసిబిడ్డలా మోసుకుంటూ టకటక రోడ్డు దాటింది. కారువాడొకడు హారన్ కొట్టాడు. తీసుకున్నారని తర్వాత జిరాక్సాయనే చెప్పాడు.

శుక్రవారం టకటక రాలేదు. రాదేమో అనుకున్నాను. పని అయిపోయాక నాతో ఏం పని? చెల్లెలు ఆ పిల్ల మొహం మీదే తలుపు వేసేసిందేమో, ఆ సంగతి నాకు చెప్పలేక తప్పించుకు తిరుగుతోందేమో. శనివారం మధ్యాహ్నం దాకా ఇలాంటివి ఎన్ని అనుకున్నానో లెక్కలేదు.

వచ్చి స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్లు అడిగి తాగింది.

"చెప్పాను."

"ఊఁ."

"మూడోసారి మెల్లగా కొట్టారని మీరన్నది చెప్పగానే లేచి లోపలికి వెళ్లిపోయారు. నేను చాలాసేపు కూర్చున్నా. వెళ్లిపోదామా అనుకుంటుంటే వచ్చారు. 'అదీ సంగతి' అన్నారు. తర్వాత, చిరునామా మీకు చెప్పొచ్చని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నా. ఈసారి నేనే అడిగా, మళ్లీ గొడవ లేకుండా. రేపు నాలుగింటికి ఇంట్లో ఉంటానన్నారు."

"రమ్మందా?"

టకటక ఒక్క క్షణం ఆలోచించింది. ఎంత చిన్న విషయమైనా కల్పించి చెప్పని పిల్ల.

"రమ్మనలేదు బామ్మగారూ. ఉంటానన్నారు."

ఉంటానంటే ఏమిటి? ఆదివారం నాలుగింటికి ఎవరైనా ఇంట్లోనే ఉంటారు. నేను తలుపు కొడితే వింటూ అవతల నిలబడడానికా? మూడుసార్లు కొట్టించుకోవడానికా? కొట్టించుకోనీ. ఎన్నిసార్లు కొట్టాల్సి వస్తే అన్నిసార్లు కొడతాను.

"ఎక్కడ?" అన్నాను.

"రెండు బస్సులు మారాలి. ముప్పావుగంట."

ఇరవై తొమ్మిదేళ్లు. ముప్పావుగంట.

"చెప్పు," అన్నాను. "మెల్లగా చెప్పు, రాసుకుంటాను."